హంసధ్వనిలో ఉడతలు

మా బాబాయి బ్యాంకులో రిటైరై ఒంగోలు నుంచి బెంగళూరులో కొడుకు దగ్గరికి వచ్చేశాక, మారతహళ్ళిలోని వాళ్ల అపార్ట్‌మెంటుకి ఒక ఆస్థాన గాయకుడు ఏర్పడ్డాడు. కావాలని ఎవరు అడిగారో ఇప్పటికీ తేలలేదు. వినాయక చవితి కల్చరల్స్‌కి పేర్లు రాసుకుంటుంటే, "ఏదో నా ఉడతా భక్తి" అంటూ కాగితం లాక్కుని, తన పేరు పక్కన 'వాతాపి గణపతిం' అని తనే రాసేసుకున్నాడు.

పండగ ముందురోజు గొంతు పట్టేసింది. మిరియాల కషాయానికీ లొంగలేదు. ఫోన్లో అంతకుముందే రికార్డు చేసుకున్న పాట ఉంది కదా, అది వేస్తాం, మీరు పెదాలు కదిపితే చాలన్నారు కమిటీవాళ్లు.

ఆ ఫోన్ అప్పటికే మనవరాలు చిన్ని చేతిలో పడి వచ్చింది. ఆ పిల్లకి ఆల్విన్, సైమన్, థియోడర్ అనే మూడు ఉడతల కార్టూన్ అంటే ప్రాణం. అవి కీచుగొంతులతో పాడతాయి, అల్లరి చేస్తాయి. వాటిని సాకే డేవ్ "ఆల్విన్!" అని గావుకేక పెడతాడు. చిన్ని ఏదో యాప్‌లో తాత పాట వేగాన్ని రెట్టింపు చేసి, పడీపడీ నవ్వి, సేవ్ కూడా చేసింది. పాత ఫైలు మీదే.

స్టేజీ మీద పట్టుపంచెలో బాబాయి కళ్లు మూసుకుని చెయ్యి గాల్లోకి లేపాడు. ఆయన పెదాలు 'వా' దగ్గర ఉండగానే స్పీకర్లలో ఎవరో కీచుగా పల్లవి ముగించేశారు. ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. సౌండ్ అబ్బాయి రెండు చేతులూ పైకెత్తి, నాకేం సంబంధం లేదన్నాడు. కానీ బాబాయి కళాకారుడు, మధ్యలో దిగిపోవడం తెలియదు. పెదాల వేగం పెంచి చరణంలో పాటని పట్టుకున్నాడు! పిల్లలంతా స్టేజీ ఎక్కి గంతులేశారు. పంతులుగారు హారతి వెలిగించేలోపు కీర్తన అయిపోయింది. వెనక వరసల నుంచి "ఒన్స్ మోర్" అని అరుపులు.

రాత్రి భోజనాల దగ్గర బాబాయి గొంతు పెగల్చుకుని, "ఎవడ్రా ఈ ఉడతలవాడు?" అన్నాడు. తమ్ముడు ఫోన్ తీసి చదివాడు. రాస్ బాగ్దసారియన్ అనే అమెరికా ఆయన, డేవిడ్ సెవిల్ అన్న పేరుతో 1958లో టేపు వేగంతో ఆటలాడి ఈ గొంతు పుట్టించాడట. ఆ క్రిస్మస్‌కి ఉడతల పాట అమెరికాలో నంబర్ వన్. అక్కడి సంగీతానికిచ్చే గ్రామీల్లో, మొట్టమొదటి ఏడాదే మూడు అవార్డులు. కార్టూన్ టీవీకెక్కింది 1961లో, పాటలు హిట్టయ్యాక. ఉడతలకి ఆ పేర్లు రికార్డు కంపెనీ పెద్దలవట.

"మా మేనేజర్ పేరు ఉడతకి పెట్టి ఉంటే నన్ను అదిలాబాద్ బదిలీ చేసేవాడు" అన్నాడు బాబాయి.

ఆ తర్వాత హిప్‌హాప్‌వాళ్లు కూడా, సోల్ అనే నల్లజాతి అమెరికన్ల పాత పాటల్ని ఇలాగే కీచుగా మార్చి వాడుకున్నారు. 2000ల మొదట్లో కాన్యే వెస్ట్ లాంటి ర్యాపర్లతో అది ఊపందుకుంటే, ఈ ఉడతల ఇంగ్లీషు పేరు మీద దానికి చిప్‌మంక్ సోల్ అనే పేరే పడింది. ఇప్పుడు రీల్స్‌లో సగం పాటలు అదే పరుగు. నాకైతే వినబుద్ధి కాదు. చిన్నికి మామూలు వేగంలో వినబుద్ధి కాదు.

బాబాయికి మాత్రం అసలు విషయం వేరే చోట తగిలింది. "వేగం రెట్టింపైతే స్థాయి పెరుగుతుంది గానీ స్వరం మారదు. చూశావా, హంసధ్వని రాగం ఎక్కడా చెడలేదు!" అని నన్ను పట్టుకుని మురిసిపోయాడు. మరి ఆ ఉడతల పాటలో మాటలు అంత స్పష్టంగా ఎలా వినిపిస్తాయన్నదే ఆయన బాధ. చిన్ని చెప్పింది: "వాళ్లు ముందే స్లోగా పాడతారు తాతా. తర్వాత స్పీడ్ పెంచుతారు."

చెప్పకుండా ఉండాల్సింది. గొంతు బాగైన మర్నాటి నుంచి పొద్దున్నే అయిదింటికి బాల్కనీలో 'వాఆఆ... తాఆఆ... పీఈఈ...' మొదలైంది. పాట మొత్తం అయ్యేసరికి పాలవాడు వచ్చి వెళ్లిపోతున్నాడు. పిన్ని నాకు ఫోన్ చేసి, "మీ బాబాయికి నువ్వైనా చెప్పరా, బ్యాటరీ అయిపోయిన టేప్ రికార్డర్‌లా పాడుతున్నారు. కింది ఫ్లోరు కన్నడావిడ, సార్‌కి ఒంట్లో ఎలా ఉందని రెండుసార్లు వచ్చి అడిగి వెళ్లింది" అంది.