చపాటా మిర్చి, సర్వర్ తుఫాను

వాతావరణ శాఖకు ఉపగ్రహాలున్నాయి, రాడార్లున్నాయి. మా గల్లీకి మా అమ్మ ఉంది. హన్మకొండలో వడ్డేపల్లి చెరువు వైపు మేముండే గల్లీలో, ఎండాకాలం వచ్చిందంటే మబ్బు పట్టిందా లేదా అని ఎవరూ ఆకాశం చూడరు, మా డాబా చూస్తారు. దాని మీద మిర్చి ఎర్రగా పరిచి ఉంటే బట్టలు ఆరేసుకోవచ్చు. టార్పాలిన్ కప్పి ఉంటే తీసేసుకోవాలి. సెల్‌ఫోన్‌లో వాన బొమ్మ కనిపించినా సరే, మా డాబా ఒప్పుకోకపోతే ఎవరూ గొడుగు పట్టరు.

అలాంటి మా అమ్మ మార్చి నెలాఖరులో, తారు చెప్పులకు అంటుకునే ఎండలో, మబ్బు తునక కూడా లేని మిట్టమధ్యాహ్నం "తుఫాను వస్తున్నదట!" అని కేకపెట్టి గల్లీ మొత్తాన్ని డాబాల మీదికి ఎక్కించింది. అందరూ మా అన్న కొడుకు వంశీని తిట్టారు గానీ, వాణ్ణి ఒక్కణ్ణే అనడానికి లేదు. వాడి వెనుక దాదాపు యాభై ఏళ్ల కథ ఉంది.

వంశీ బీటెక్ మూడో సంవత్సరం. పరీక్షలు లేనప్పుడు ఆట ఆడతాడు, ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ ఆడతాడు. ఆట పేరు గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఐదు, 2013లో వచ్చింది. మామూలుగా అందులో పని కార్లు ఎత్తుకుపోవడం, అడ్డమొచ్చినవాణ్ణి గుద్దడం. కానీ ఫైవ్‌ఎం అని ఒక ఏర్పాటుంది. దాంతో ఎవరికి వారు సొంత సర్వర్, అంటే ఆట నడిపించే కంప్యూటర్, పెట్టుకుని ఆటలోని ఊరిని తమకు నచ్చినట్టు నడుపుకోవచ్చు. 2023లో ఆ ఫైవ్‌ఎం బృందాన్ని ఆట తయారుచేసిన రాక్‌స్టార్ వాళ్లే తమలో కలుపుకున్నారు. ఈ సర్వర్లలో కొందరు కుదురుగా సంసారం చేస్తుంటారు. ఒకడు పోలీసు, ఒకడు మెకానిక్, ఒకడు టీ కొట్టు. రెడ్ లైట్ పడితే ఆగుతారు. హన్మకొండ చౌరస్తాలో ఏనాడూ ఆగని మావాడు అక్కడ బుద్ధిగా ఆగుతాడు.

అక్కడ మావాడు డాక్టరు. అంబులెన్సు కూడా వాడే నడుపుకుంటాడు, స్టాఫ్ తక్కువట. ఆ సర్వర్‌ను వాళ్లంతా 'సిటీ' అంటారు. మంచం మీద కూర్చునే ఫోన్లో "సిటీల ఉన్నరా, నైట్ డ్యూటీ" అని చెబుతుంటాడు. ఒకరోజు మా అమ్మ గుమ్మం దగ్గర నిలబడి, "నేను డాక్టర్ని, పక్కకు జరగండి" అని వాడు గదమాయించడం విన్నది. వారం తిరగకముందే పక్కింటి సరోజనక్క షుగర్ రిపోర్టులు పట్టుకుని వచ్చింది. వాడు చదివేది సివిల్ ఇంజనీరింగ్ అని చెప్పినా, "గరీబోళ్లను చూడరా ఏంది" అని నిష్ఠూరమాడి పోయింది.

ఈ సిటీకి ఒక గట్టి నియమం ఉంది. లోపలికి వెళ్లాక పాత్రలోంచి బయటికి రాకూడదు. డాక్టరుగా ఉన్నవాడు "నా నెట్ స్లో ఉంది మామా" అన్నాడో, తప్పు రాస్తారు. తప్పులు ఎక్కువైతే గెంటేస్తారు. మరి నిజంగానే నెట్ స్లో ఉంటే?

రాసి ఆడే కాలంలో ఈ చిక్కు లేదు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, రిచర్డ్ బార్టిల్ పెంచిన 'మడ్' ఆటలో బొమ్మలే లేవు, అంతా రాతే. రాతలో గుర్తు పెట్టడం సులువు. పాత్రగా మాట్లాడితే మామూలుగా రాస్తారు. 'అన్నం తినొస్తా' అని మనిషిగా చెప్పాలంటే జంట బ్రాకెట్ల మధ్య పెడతారు. చేతులతో చేసే పనిని స్లాష్ కొట్టి 'మీ' అని రాసి, దాని పక్కన చెబుతారు. ఈ అలవాట్లు ఇప్పటికీ నడుస్తున్నాయి. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోనైతే వేషం కట్టి ఆడేవాళ్లకు వేరే సర్వర్లే ఇచ్చారు. అక్కడ అందరూ పరుగులు పెట్టే బజారులో ఒకడు నింపాదిగా నడుస్తున్నాడంటే, 'నేను పాత్రలో ఉన్నాను, నాతో అట్లాగే మాట్లాడు' అని చెప్పకనే చెప్పినట్టు. ఫైనల్ ఫాంటసీ పద్నాలుగులో పేరు పక్కన అందుకోసమే ఒక గుర్తు పెట్టుకోవచ్చు. నాకు మాత్రం నడక పద్ధతి నచ్చింది. మా ఆఫీసులో పదిన్నరకు మెట్లెక్కే వాళ్లంతా పాత్రలో ఉన్నారని అప్పుడు తెలిసింది.

వంశీ ఆడేది నోటితో. మైకులో మాట్లాడితే దగ్గర్లో ఉన్న బొమ్మలకు వినపడుతుంది. నోటికి బ్రాకెట్లు ఎక్కడ పెడతారు? అందుకని వాళ్లు మారు మాటలు కనిపెట్టుకున్నారు. ఆట ఆగిపోయి ఒకడు మాయమైతే 'తల పేలింది' అంటారు. ఎఫ్ వన్ బటన్ నొక్కమని కొత్తవాడికి చెప్పాలంటే 'నీ ఎఫ్ వన్ కండరం బిగించు' అంటారు. సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టే ముందు 'తుఫాను వస్తున్నది' అని చాటింపు వేస్తారు. అది విన్నవాళ్లు బండి గ్యారేజీలో పెట్టుకోవాలి, లేకపోతే బండి గల్లంతే. ఆటగాళ్లకు ఇదంతా ముచ్చటగానే ఉంటుంది. గోడకు ఇవతల కూర్చుని మిర్చి తొడిమలు తీసే మనిషికి ఎట్లా ఉంటుందో ఎవరూ ఆలోచించలేదు.

"అనిల్‌గాని తల పేలింది" అని వాడు తాపీగా చెబుతుంటే మా అమ్మ విని బేజారైంది. అనిల్ ఖాజీపేట రైల్వే క్వార్టర్స్ పిల్లవాడు, మా ఇంట్లో చాలాసార్లు అన్నం తిన్నాడు. ఆమె వాళ్లమ్మకు ఫోన్ చేసి, ఏమీ అడగలేక, "అందరు మంచిగున్నరా బిడ్డా" అని మూడుసార్లు అడిగింది. ఆమె మూడుసార్లూ మంచిగున్నామనే చెప్పింది. ఫోన్ పెట్టేశాక మా అమ్మ "పాపం, ఇంక ఆమెకు తెల్వదు" అని కళ్లు తుడుచుకుంది.

ఇక తుఫాను సంగతి. ఆ రోజు డాబా మీద ఏడాది కారానికి మిర్చి పోసి ఉంది. ఘాటుకు తేజ, రంగుకు చపాటా. చపాటా అంటే లావుగా, పొట్టిగా ఉంటుంది, కొందరు టమాటా మిర్చి అంటారు. వరంగల్ చపాటాకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గుర్తింపు వచ్చినప్పటి నుంచి మా అమ్మ దాన్ని కాలితో దాటడం లేదు, చుట్టూ తిరిగి వెళుతుంది. రెండూ విడివిడిగా రెండు పాత చీరల మీద పరిచి ఉన్నాయి. ఇంకొక్క ఎండ తగిలితే గిర్నీకి పోవాలి.

అప్పుడు లోపలి గదిలోంచి వంశీ గొంతు, డాక్టరు గొంతు, పెద్దగా: "అందరూ వినండి! పది నిమిషాల్ల తుఫాను! బండ్లన్నీ లోపల పెట్టుకోండి! బయట ఎవరూ ఉండొద్దు!"

చదువుకున్న పిల్లవాడు, పైగా కంప్యూటర్ ముందు కూర్చుని చెబుతున్నాడు. మా అమ్మ అడగలేదు. డాబా ఎక్కి రెండు చీరల కొనలూ పట్టి గుంజింది. తేజ, చపాటా ఒక్కటే కుప్ప అయ్యాయి. పక్కింటి డాబా మీద వడియాలు పెడుతున్న సరోజనక్కకు కేకేసింది. ఆమె అవతలి ఇంటికి, అవతలివాళ్లు మూల మీది కిరాణా కొట్టుకు. కొట్టాయన బయట పెట్టిన ఉప్పు బస్తాలు లోపలికి లాక్కుని షట్టర్ సగం దించాడు. పెళ్లి టెంటు వేస్తున్న పిల్లలు గుంజలు పీకేశారు. సరోజనక్క పచ్చి వడియాలు చాపతో సహా చుట్టేసింది. ఆ చాపను తర్వాత విప్పి చూస్తే వడియాలు అప్పడాలయ్యాయి.

అందరూ వాకిళ్లలో నిలబడి ఆకాశం వంక చూశారు. ఆకాశం కూడా తెల్లగా, ఏమీ ఎరగనట్టు చూసింది. పావుగంట తర్వాత ఎవరో, "ఎవరు చెప్పిన్రు?" అన్నారు. అందరూ మా గుమ్మం వైపు తిరిగారు. సరిగ్గా అప్పుడే వంశీ ఇయర్‌ఫోన్లు మెడలో వేసుకుని, నీళ్ల బాటిల్ కోసం బయటికొచ్చి, ఇంత మందిని చూసి, "ఏమైంది బాపమ్మా?" అన్నాడు.

ఆ తర్వాత జరిగినదాన్ని విచారణ అనాలి. మా అమ్మ పీట మీద, కలిసిపోయిన మిర్చి ముందు. ఏరుతూనే అడిగింది. వాడు చెప్పాడు: అది ఆట, వాడక్కడ వేషంలో ఉంటాడు, ఆ తుఫాను తుఫాను కాదు.

"యేషమైతే యేషమని తెల్వాలె గద కొడుకా! ఐలోని జాతరల ఒగ్గు కథ చెప్పెటాయన సూడు. ఆయనే మల్లన్న, ఆయనే మేడలమ్మ. రుమాలు నెత్తికి సుట్టిండంటే రాజు, కొంగులెక్క కప్పుకున్నడంటే ఆడామె. తీసి భుజాన ఏసుకున్నడంటే సాయ తాగుతాన్కి లేస్తున్నడని పసిపోరనికి గూడ ఎర్కైతది. నీకేది రుమాలు?"

యాభై ఏళ్లుగా ఇంగ్లీషు వాళ్లు బ్రాకెట్లతో, స్లాష్‌లతో కిందామీదా పడుతున్న సమస్యను ఆమె ఒక ఎర్ర తువ్వాలతో తేల్చేసింది. ఆ రోజు నుంచి సిటీకి వెళ్లేటప్పుడు వంశీ నెత్తికి తువ్వాల చుట్టాలి. చుట్టి ఉన్నంతసేపు వాడేం మాట్లాడినా, తల పేలినా, తుఫాను వచ్చినా, ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. తీస్తే మనవడు.

ఏర్పాటు బాగానే నడిచింది. ఒకసారి మా వదిన కరెంటు బిల్లు గురించి గట్టిగా అడిగితే, వాడు మెల్లగా తువ్వాల తీసి చుట్టుకున్నాడు. ఆ ఒక్క దుర్వినియోగం తప్ప ఇబ్బందేం లేదు. అయితే ఆ తువ్వాల మా ఇంటివాళ్లకే కనపడుతుంది. మైకు అవతలివాళ్లకు కనపడదు. దానికితోడు వాడి లాప్‌టాప్‌లో మాట్లాడేటప్పుడు నొక్కి పట్టుకోవాల్సిన బటన్ ఊడిపోయింది. బాగు చేయించే బదులు వాడు మైకును ఎప్పుడూ తెరిచే ఉంచేలా పెట్టుకున్నాడు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం. సిటీలో బ్యాంకు దోపిడీ. లోపల దొంగలు, వాళ్ల దగ్గర టీ కొట్టాయన బందీ, బయట ఎస్సై తన బలగంతో. కాల్పుల్లో ఒక దొంగ పడిపోయాడు. పడిపోయినవాడు డాక్టరు వచ్చి లేపితే గానీ లేవడానికి లేదు, నడవడానికి లేదు. రెండు వైపులా మాట్లాడుకుని డాక్టర్‌ను లోపలికి పంపించారు. నెత్తికి ఎర్ర తువ్వాలతో మావాడు మోకాళ్ల మీద కూర్చుని, స్లాష్ కొట్టి, గాయం శుభ్రం చేస్తున్నట్టు రాస్తున్నాడు.

ఇక్కడ హన్మకొండలో ఆకాశం ఒక్కసారి నల్లబడింది. ఈసారి నిజం. వడ్డేపల్లి వైపు నుంచి దుమ్ము లేచింది, డాబా మీద రేకు టపటపా కొట్టుకుంది. మా అమ్మ వరండాలోంచి, వంశీ గది కిటికీ పక్కనే నిలబడి, ఉన్న బలమంతా పెట్టి అరిచింది:

"గాలిదుమారం వస్తున్నది! బండ్లు లోపల పెట్టుండ్రి! తలుపులెయ్యుండ్రి! ఇంకేం జూస్తున్రు, ఉరుకుండ్రి!"

ఆమె చెప్పింది నా బండి గురించి. సిటీలో మాత్రం సర్వర్ చాటింపు కూడా అచ్చం ఇట్లాగే ఉంటుంది, ఇంత అధికారంగా ఎవరూ ఎప్పుడూ వేయలేదంతే. దొంగలు డబ్బు సంచి కౌంటర్ మీదే వదిలేసి కార్ల వైపు పరుగెత్తారు. వాళ్లను పట్టుకోవాల్సిన ఎస్సై జీపు తిప్పుకుని వాళ్లకంటే ముందే వెళ్లిపోయాడు. గ్యారేజీ ముందు పోలీసులు, దొంగలు ఒకటే లైను కట్టారు. టీ కొట్టాయన తనను విడిపించేవాళ్లు లేక తనే లేచి వెళ్లిపోయాడు.

వంశీ కూడా లేచాడు, మిర్చి కోసం. తువ్వాల తీయడం మరిచిపోయి డాబా ఎక్కాడు. నేను, వదిన, వాడు తలో కొన పట్టుకుని చీరలు దించుతుండగానే రాళ్లవాన మొదలైంది. కిందికి చేరాక తేజ ఎంత, చపాటా ఎంత, ఏదైనా తడిసిందా అని మా అమ్మ కిటికీ పక్కనే కూర్చుని లెక్క తీసింది. మిర్చి తెచ్చిన రేటు, గిర్నీ వాడు పోయినేడు తరుగు పేరుతో కొట్టేసింది, సరోజనక్క ఇంకా తిరిగివ్వని చాట, అన్నీ వచ్చాయి. కరెంటు పోయింది గానీ ఇన్వర్టర్ ఉంది. లాప్‌టాప్ ఆగలేదు, మైకు మూయలేదు.

వంశీ వెళ్లి చూసేసరికి బ్యాంకు ఖాళీ. వాడి డాక్టరు బొమ్మ మోకాళ్ల మీద అట్లాగే ఉంది. దాని ముందు, నెత్తుటి మడుగులో, ఆ దొంగ. కదలడానికి లేదు. స్పృహ లేనివాడు కాబట్టి నోరు విప్పడానికి కూడా లేదు. మా ఇంటి మిర్చి లెక్క మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. తెర మీద ఒక మూల వాడు రాసింది కనపడుతోంది:

(( అన్నా, మిర్చి తడవలే కదా? ))

వంశీ చదివి వినిపించాడు. మా అమ్మ చేట పక్కన పెట్టి, కిటికీలోంచి తొంగి తెర వైపు చూసింది.

"తడవలేదని చెప్పు. ఆ పిలగానికి ముందుగాల కట్టు కట్టురా, ఎంతసేపట్నుంచి పండుకోబెట్టినవ్!"