కాలిఫోర్నియా పద్ధతి ఒక్కటే దారి కాదు

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుకు ఉండే ఎయిర్ కూల్డ్ (నీళ్లతో కాక గాలితో చల్లబడే) ఇంజన్‌కు పవర్ పెంచాలంటే కాలిఫోర్నియా పద్ధతే, అంటే ఇంజన్ సైజు పెంచడమే సరైనదని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేను.

కాలిఫోర్నియా వాళ్లు 94 మి.మీ. పిస్టన్లు, 82 మి.మీ. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఇచ్చే క్రాంక్‌షాఫ్ట్ వేసి 1600 సీసీ ఇంజన్‌ను 2276 సీసీకి తీసుకెళ్తారు. డ్రాగ్ రేసుకు, అంటే తిన్నని దారిలో జరిగే పొట్టి పందేనికి, అది అద్భుతమే. పరుగు సెకన్లలో అయిపోతుంది కాబట్టి ఇంజన్ వేడెక్కే టైమే ఉండదు. జర్మనీలో అవసరం వేరు. ఆటోబాన్ (అక్కడి హైవే) మీద గంటల తరబడి ఫుల్ థ్రాటిల్‌లో పోవాలి. పాత 1200 ఇంజన్‌లో రెండేసి సిలిండర్లకు కలిపి ఒకే ఇన్‌టేక్ పోర్ట్ (గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే దారి) ఉండేది. 1950లలో జర్మన్ ట్యూనర్ గెర్హార్డ్ ఓటింగర్ తన ఓక్రాసా కిట్‌లో సిలిండర్‌కు ఒక పోర్ట్ ఉన్న హెడ్‌లు, జంట కార్బురేటర్లు (పెట్రోలును గాలితో కలిపేవి) ఇచ్చారు. సైజు పెంచడం కంటే ముందు ఇంజన్‌కు ఊపిరి ఆడేలా చేశారన్నమాట. నాకు ఆ ఆలోచన చాలా ఇష్టం.

బ్రెజిల్‌ను మీరు అసలు తలుచుకోలేదు. అక్కడ చెరకు నుంచి తీసే ఇథనాల్ దొరుకుతుంది. అది ఆవిరయ్యేటప్పుడు వేడిని లాగేసుకుంటుంది, నాకింగ్‌నూ (ఇంధనం వేళకు ముందే తనంతట తాను మండడాన్ని) బాగా తట్టుకుంటుంది. కాబట్టి కంప్రెషన్ (సిలిండర్‌లో ఇంధన మిశ్రమాన్ని నొక్కే మోతాదు) ధైర్యంగా పెంచుకోవచ్చు. నీళ్లు లేని ఇంజన్‌కు ఇంతకంటే ఏం కావాలి!

ఇంకొకటి, మూడో సిలిండర్. పాత మోడళ్లలో ఆయిల్ కూలర్ (ఇంజన్ ఆయిల్‌ను చల్లబరిచేది) ఈ సిలిండర్‌కు వెళ్లే గాలికి అడ్డం ఉండేది, అందుకే అది ఎక్కువ వేడెక్కేది. 1971 మోడల్‌లో కూలర్‌ను పక్కకు జరిపారు. పాత బండికి పెద్ద పిస్టన్లు కొనేముందు ఈ మార్పు చేయించుకోండి.