డోలు తప్ప ఏదైనా

బడి నుంచి ఒక కాగితం వచ్చింది. ఈ ఏడు నాలుగో తరగతి పిల్లలందరూ ఒక వాద్యం నేర్చుకోవాలట. కీబోర్డు, గిటారు, వయొలిన్, వీణ, ఇతరములు. ఒకదాని ఎదుట టిక్కు పెట్టి శనివారంలోగా పంపాలి. తండ్రి ఉద్యోగానికి గడి ఉంది, తల్లి ఉద్యోగానికి ఉంది, బ్లడ్ గ్రూపుకు కూడా ఉంది. పిల్లకు ఏది ఇష్టమో రాయడానికి మాత్రం లేదు. తొందరపడి దీన్ని పొరపాటు అనకండి, ముందుచూపు అనండి. ఇంటి పెద్దలు నలుగురు ఉండగా తొమ్మిదేళ్ళ పిల్లను అడగడం ఏ సంప్రదాయం?

శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో సభ తీర్చాం. నాన్నగారు, అమ్మ, మా ఆవిడ, నేను, ఫోనులో డాలస్ నుంచి మా తమ్ముడు. సంగీతం ఎవరికీ రాకపోవడం వల్ల చర్చకు అడ్డంకులేమీ రాలేదు.

అమ్మ వీణ అంది. ఆవిడకు ఆ హక్కు ఉంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న బొబ్బిలి వీణ ఇప్పటికీ మా అటక మీదే ఉంది. పనస దుంగను ఒక్క ముక్కగా తొలిచి చేసే ఏకాండి వీణ, ఇరవై నాలుగు మెట్లు, ఏడు తీగలు. ఇప్పుడు తీగలు లేవు, మిగతావన్నీ ఉన్నాయి. అమ్మ దాన్ని పెళ్ళిచూపుల్లో వాయించింది. నాన్నగారి లెక్క ప్రకారం మూడు నిమిషాలు. తరువాత అది అటక ఎక్కి 41 ఏళ్ళు. ఇంత తక్కువ సాధనతో ఇంత స్థిరమైన ఫలితం ఇచ్చిన వాద్యం మరొకటి లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ దాన్ని స్కూటరు మీద బడికి ఎలా తీసుకెళ్ళాలి? ఆ ప్రశ్నకు సభ దగ్గర సమాధానం లేకపోయింది.

నాన్నగారు వయొలిన్ వైపు మొగ్గారు. దానికి ఆయన చూపిన కారణం ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరడానికి వెళితే, ఆయన వాయించింది విని అక్కడి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు ఏకంగా అధ్యాపకుడిగా వేసుకున్నారని చెప్పుకుంటారు. 1919 నాటి మాట. ఫీజు కట్టవలసిన చోట జీతం! ఇలాంటి సదుపాయం ఇప్పటి బడుల్లో ఉందేమో కనుక్కోమన్నారు నాన్నగారు. కనుక్కున్నాను. లేదు. పైగా, మొదటి ఆరు నెలల వయొలిన్ అంటే ఏమిటో పై అంతస్తు వాళ్ళ అబ్బాయి పుణ్యమా అని మాకు తెలుసు. నూనె లేని గిలక మీద చేద లాగినట్టు ఉంటుంది, నీళ్ళు మాత్రం రావు.

తమ్ముడు వయోలా అన్నాడు. అది వయొలిన్‌కు పెద్దక్క. అమెరికాలో వయొలిన్ వాయించే పిల్లలు కోకొల్లలు, వయోలాకు పోటీ తక్కువ, కాలేజీ దరఖాస్తులో నిలబడుతుంది అని వాడి వాదన. పిల్లకు ఇంకా ఎక్కాలే పూర్తిగా రాలేదన్న సంగతి ఎవరూ గుర్తు చేయలేదు. గిటారు సంగతి ఎవరూ ఎత్తలేదు. నాది గోడకు వేలాడుతోంది, చాలు.

మా ఆవిడ కీబోర్డు అంది. అది తెలివైన మాట. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలిస్తే పిల్ల వాయిస్తున్నదీ లేనిదీ కన్నతల్లికైనా తెలియదు. ఒక మీట నొక్కితే తబలా, ఇంకో మీటకు సితారు, మరోదానికి ఏకంగా వాద్యబృందం. సాధన అదే చేసుకుంటుంది. స్వరాన్ని ఊపి పలికించే గమకం దాని మీద పలకదన్న చిన్న లోపం ఉంది. ఈ లోపం పట్టుకునే ఆలిండియా రేడియో వాళ్ళు 1940లో హార్మోనియాన్ని బయటికి పంపి, మూడు దశాబ్దాల పాటు గుమ్మం తొక్కనివ్వలేదు. కానీ రాగానికి గమకం ప్రాణమన్న నిబంధన మా అపార్టుమెంటు సంఘం కాగితాల్లో ఎక్కడా లేదు. రాత్రి తొమ్మిది తరువాత చప్పుడు కూడదన్న నిబంధన ఉంది.

ఇదంతా జరుగుతుండగా వంటింట్లోంచి చప్పుడు. వెళ్ళి చూస్తే పిల్ల బియ్యం డబ్బాను ఒళ్ళోకి అడ్డంగా లాక్కుని కూర్చుంది. కుడిచేతి వేళ్ళన్నిటికీ నూనెలో వేయించిన పసుపుపచ్చ గొట్టాలు తొడుక్కుంది, ఎడమచేతిలో పప్పుగుత్తి.

“ఏమిటే ఇది?”

“డోలు, నాన్నా. తణుకు పెళ్ళిలో ఆయన వేళ్ళకు ఇలాగే తొడుగులు పెట్టుకున్నారు. నాకు అదే కావాలి.”

ఆ పెళ్ళిలో ఇది భోజనానికి కూడా రాకుండా మేళం పక్కనే కూర్చుంది. పురోహితుడు వేలు ఎత్తగానే గట్టిమేళం మోగితే అందరం అక్షతలు వేశాం. ఇది మాత్రం డోలాయన చేతుల వంకే చూస్తోంది.

సభ నిశ్శబ్దమైంది. “మన ఇళ్ళల్లో ఎవరూ...” అని నాన్నగారు మొదలుపెట్టి ఆగిపోయారు. ఆ వాక్యం పూర్తి కాలేదు. పూర్తి కాకుండానే డాలస్ దాకా అందరికీ అర్థమైంది.

డోలు సన్నాయి మీద మాకు చిన్నచూపు ఉందని ఎవరైనా అనుకుంటారేమో, అదేమీ లేదు. అవి మంగళవాద్యాలు. అవి లేనిదే తాళి కట్టం, ఊరేగింపు కదలదు. తిరుపతిలో దేవస్థానం వాళ్ళు వాటికి ప్రత్యేకంగా బడే నడుపుతున్నారు. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్ళిన షేక్ చినమౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరంతో తమిళులనే మెప్పించి పద్మశ్రీ అందుకున్నారని మా నాన్నగారే గర్వంగా చెబుతుంటారు. అంతటి గొప్ప విద్య కాబట్టే దాన్ని ఇతరుల పిల్లలకు వదిలిపెట్టడం మా మర్యాద.

కీబోర్డుకు టిక్కు పెట్టి పంపాం. పిల్ల ఏడవలేదు. వారం రోజులు కూర్చుని అందులో ఉన్న తాళాలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసి, డోలు లేదని చెప్పింది.

మొన్న మా మేనల్లుడి పెళ్ళికి మేళం మాట్లాడటానికి నాన్నగారే స్వయంగా వెళ్ళారు. డోళ్ళు రెండు ఉండాలని, ఒక్కటైతే పెళ్ళిలా ఉండదని పట్టుబట్టి అడ్వాన్సు ఇచ్చి వచ్చారు. తనూ వస్తానని చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వచ్చిన మనవరాలిని, కీబోర్డు సాధన ఉందని వెనక్కి పంపారు.