పాత ట్రాక్టర్లే గొప్పవా? కాస్త ఆగండి

మూడు రోజులుగా ఎక్కడ చూసినా ఒకటే రీల్. పాత ట్రాక్టర్, డుగ్ డుగ్ శబ్దం, కింద "అప్పటి బళ్లే బళ్లు, ఇప్పుడన్నీ రేకు డబ్బాలు" అని కామెంట్లు. వీళ్లలో ఒక్కరైనా దాంతో దమ్ము చేశారా, అంటే నీళ్లు పెట్టిన వరి మడిని బురదగా దున్నారా అని నా డౌటు.

తెనాలి దగ్గర మా ఊళ్లో, మా ఇంటికి 1979లో ట్రాక్టర్ వచ్చింది. 35 హార్స్ పవర్. కంపెనీ పేరు చెప్పను, అభిమానులు మీద పడతారు. తాతయ్య రెండు జతల ఎడ్లు అమ్మేశాడు, నాయనమ్మ కాసులపేరు తాకట్టుకెళ్లింది. పసుపు, బొట్టు, చక్రాల కింద నిమ్మకాయలు. బాగానే ఉంది. అసలు కథ మర్నాటి నుంచి.

బ్యాటరీని నమ్మడానికి లేదు. అందుకని రాత్రి కాలవకట్ట వాలు మీద ఆపి చక్రానికి రాయి అడ్డం పెట్టేవాళ్లు. పొద్దున్నే రాయి తీసి, దొర్లించి, క్లచ్ వదిలితే స్టార్టు. డీజిల్ అయిపోయి లైనులో గాలి పట్టిందా, ఇక అంతే సంగతులు. నాన్న స్పానర్‌తో స్క్రూ వదులు చేస్తే, నేను బొటనవేలితో పంపు లీవర్ టకటకా కొట్టాలి, నురగ పోయి డీజిల్ సన్నటి ధారగా వచ్చేదాకా. వేలు వాచిపోయేది.

ఇవన్నీ చిన్నవి. దమ్ములో కేజీవీల్స్, అదే బురద కోసం వేసే ఇనప పంజరం చక్రాలు, దిగబడితేనే భయం. వెనక చక్రాలు కదలవు, ఇంజన్ ఊరుకోదు, ముందు భాగం పైకి లేస్తుంది. 1917 నాటి ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ల నుంచీ ఉన్న జబ్బే ఇది. నాగలి వేరుకో రాయికో తగులుకుంటే బండి వెనక్కి తిరగబడి డ్రైవర్ మీద పడేది. హారీ ఫెర్గూసన్ అనే ఇంజనీరు, నాగలిని బండికి మూడు చోట్ల బిగించే హైడ్రాలిక్ లింకులు తెచ్చాక నాగలితో ఆ ప్రమాదం తగ్గింది. బురదలో కూరుకుపోయిన చక్రానికి మాత్రం ఆ లింకులు ఏం చేస్తాయి? ఓసారి బాబాయి బురదలోంచి బయటపడదామని చక్రానికి దుంగ కట్టి క్లచ్ వదిలాడు. ముందు చక్రాలు నడుమెత్తు లేచాయి. వెంటనే క్లచ్ తొక్కాడు కాబట్టి బతికాడు. బండి తిరగబడితే కాపాడే రోల్ బార్ తల మీద లేదు, బెల్టు లేదు. మడ్‌గార్డు మీద నేను!

ఒక్కటి ఒప్పుకుంటా. మా మిస్త్రీ వేపచెట్టు కింద గోనెపట్టా పరిచి ఇంజన్ మొత్తం విప్పి సాయంత్రానికి బిగించేవాడు. ఇప్పటి బళ్లతో అది కుదరదు.

నిన్న ఆ రీల్ నాన్నకి చూపించాను. ఇరవై ఏళ్లు ఆ సైలెన్సర్ వెనకే కూర్చున్న మనిషి. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "సౌండ్ పెంచరా" అన్నాడు.

ఫుల్లులోనే ఉంది.