హాట్‌స్వాప్ అంటే ఎప్పుడు పడితే అప్పుడు లాగేయమని కాదు బాబూ

ఈ మధ్య వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, నాకైతే మూడు గ్రూపుల్లోంచి వచ్చింది, చివరికి మా బావమరిది కూడా పంపించి "నిజమేనా బావా, మా ఆఫీస్ సర్వర్‌కి ఇలాగే చేసేద్దామా" అన్నాడు. అందులో ఉన్నది ఇదీ: సర్వర్‌లో డిస్క్ వేయడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, సర్వర్ డిస్క్ అని చెప్పి రేటు గుంజుతారు గానీ లోపలుండేది మన డెస్క్‌టాప్ హార్డ్ డిస్కే, హాట్‌స్వాప్ కాబట్టి మెషిన్ ఆపకుండా ఎప్పుడైనా పాతది లాగి కొత్తది తోసేయొచ్చు, పెద్ద సైజుది వేస్తే స్పేస్ దానంతటదే పెరుగుద్ది, రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా పోకుండా కొన్ని డిస్కుల్ని కలిపి వాడే పద్ధతి) ఉంది కాబట్టి బ్యాకప్ దండగ. కింద ఒక సర్వర్ ఫొటో, దాని సంగతి తర్వాత చెప్తా.

బ్రహ్మవిద్య కాదన్నది ఒప్పుకుంటా. క్యాడీ, అదే డిస్క్ బిగించే ట్రే, బయటికి తీసి నాలుగు స్క్రూలు బిగించి లోపలికి తోసి లివర్ మూయడానికి రెండు నిమిషాలు చాలు. (స్క్రూలు మాత్రం చూసుకోండి, 3.5 అంగుళాల డిస్క్‌కి 6-32 థ్రెడ్, 2.5 అంగుళాల దానికి ఎం3, డబ్బాలో చేతికొచ్చింది పెట్టి బలవంతంగా తిప్పితే థ్రెడ్ తినేస్తది.) అసలు గొడవంతా ఏ డిస్క్ వేస్తున్నాం, ఏది లాగుతున్నాం అన్న దగ్గరే.

సరే, లోపలుండేది డెస్క్‌టాప్ డిస్కే అన్నారు కదా. సగం నిజం. సాస్ (సర్వర్ డిస్కుల కనెక్టర్) స్లాట్‌లో సాటా (డెస్క్‌టాప్ డిస్కుల కనెక్టర్) డిస్క్ పడుతుంది, మామూలుగా పనిచేస్తుంది కూడా, కానీ సాస్ డిస్క్ తీసుకెళ్లి సాటా పోర్ట్‌లో పెడతానంటే పట్టదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి, సాటా డిస్క్‌కి డేటా ముక్కకీ పవర్ ముక్కకీ మధ్య చిన్న సందు ఉంటుంది, సాస్‌కి ఆ సందు పూడ్చేసి ఉంటుంది, అందుకే. కనెక్టర్ కలిసింది కదా అని డెస్క్‌టాప్ డిస్క్ వేస్తే అసలు తంటా ఆర్నెల్ల తర్వాత మొదలవుద్ది. డెస్క్‌టాప్ డిస్క్‌కి ఒక చెడ్డ సెక్టార్ (డేటా రాసే చిన్న గడి) తగిలితే అది ఎలాగైనా చదవాలని చాలాసేపు కుస్తీ పడుతుంది, ఎందుకంటే ఇంట్లో ఆ డేటాకి ఇంకో కాపీ ఉండదు. ఈ డిస్కులన్నిటినీ కలిపి నడిపే రెయిడ్ కార్డ్‌కి అంత ఓపిక ఉండదు, కొన్ని సెకన్లు చూసి జవాబు రాకపోతే డిస్క్ చచ్చిందని బయటికి తోసేస్తది. సర్వర్ డిస్కులు, నాస్ (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే స్టోరేజ్ పెట్టె) డిస్కులు మామూలుగా 7 సెకన్లలో చేతులెత్తేసి "నా వల్ల కాదు, పక్కనోడిని అడుగు" అంటాయి, కార్డ్ మిగతా డిస్కుల్లోంచి ఆ ముక్క తెచ్చుకుంటుంది. అంటే నిక్షేపంలాంటి డిస్క్ కూడా ఒట్టి మొండితనం వల్ల బయటికి పోతుంది అన్నమాట.

ఇంకోటి, ఎస్ఎంఆర్ డిస్కులు. పెంకుటిల్లు కప్పు చూశారు కదా, పెంకులు ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కించి ఉంటాయి, వీటిలో డేటా రాసే ట్రాకులు అలా ఉంటాయి, మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైవన్నీ కదపాల్సిందే. ఫొటోలు దాచుకోవడానికి ఓకే, రెయిడ్ రీబిల్డ్‌లో (పోయిన డిస్క్ డేటాని కొత్తదాంట్లో మళ్లీ రాసేటప్పుడు) మాత్రం నత్త నడక. 2020లో వెస్టర్న్ డిజిటల్ నాస్ కోసం అమ్మే రెడ్ డిస్కుల్లోనే 2 నుంచి 6 టీబీ మోడళ్లు కొన్ని ఇలాంటివని ఒప్పుకోవాల్సి వచ్చింది. నాస్ అని పేరు పెట్టి అమ్మినవే అలా ఉంటే డెస్క్‌టాప్ డిస్క్ మోడల్ నంబర్ చూడకుండా ఎలా కొంటారు?

రేటు విషయంలో మెసేజ్ రాసినాయనకి మార్కులు వేస్తా. సర్వర్ కంపెనీ సొంత లేబుల్ వేసి అమ్మే డిస్క్ చాలాసార్లు సీగేటో తోషిబానో చేసిందే, ఫర్మ్‌వేర్ (డిస్క్ లోపల నడిచే ప్రోగ్రామ్) మాత్రం వీళ్లది. వారంటీ షరతులకి ఇబ్బంది లేకపోతే సర్వర్ల కోసం చేసిన ఎంటర్‌ప్రైజ్ క్లాస్ డిస్క్ నేరుగా కొనుక్కోండి, తప్పేం లేదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట సెకండ్ హ్యాండ్ సాస్ డిస్కులు చవగ్గా దొరికితే మాత్రం ఒక ప్రశ్న అడగండి, సెక్టార్ 512 బైట్లా 520 బైట్లా అని. పెద్ద స్టోరేజ్ బాక్సుల్లోంచి పీకినవి 520తో ఉంటాయి, మామూలు సర్వర్‌లో పెడితే డిస్క్ కనపడుతుంది గానీ వాడుకోనివ్వదు, మొత్తం 512కి మళ్లీ ఫార్మాట్ చేసుకోవాలి, గంటలు పడుతుంది.

ఇప్పుడు హాట్‌స్వాప్. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. హాట్‌స్వాప్ అంటే కరెంట్ ఉండగా తీసినా డిస్క్ కాలిపోదు అని, అంతే, డేటాకి ఏం కాదని ఎవరూ మాటివ్వలేదు. ఒక ఆడిటర్ ఆఫీస్‌కి వెళ్లా ఒకసారి, నాలుగు డిస్కుల రెయిడ్ 5, ఒకటి పోయింది, సాఫ్ట్‌వేర్ "స్లాట్ 2" అని చూపించింది. అక్కడి కుర్రాడు ఎడమ నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టి రెండోది లాగేశాడు. ఆ సర్వర్‌లో స్లాట్లు మొదలయ్యేది సున్నా నుంచి! లాగింది స్లాట్ 1, బంగారంలా పనిచేస్తున్న డిస్క్. రెయిడ్ 5కి ఒక డిస్క్ పోతే ఓర్చుకుంటది, రెండోది పోతే మొత్తం కూలుద్ది, టాలీ డేటాతో సహా. కంగారుపడి మళ్లీ లోపలికి తోశాడు, కార్డ్ దాన్ని "ఫారిన్" అని చూపించింది, అంటే బయటిది అని, అక్కడ ఇంపోర్ట్ అని, క్లియర్ అని రెండు ఆప్షన్లుంటాయి, అదృష్టం బావుండి ఏదీ నొక్కకుండా ఫోన్ చేశాడు. క్లియర్ నొక్కి ఉంటే కార్డ్‌కి ఆ డిస్క్ ఒట్టి ఖాళీ డిస్క్.

అందుకని ముందు సాఫ్ట్‌వేర్‌లో లొకేట్ నొక్కి ఏ బే (డిస్క్ పెట్టే అర) లైట్ కొట్టుకుంటుందో చూడండి, సీరియల్ నంబర్ రాసుకోండి, తర్వాతే చెయ్యి పెట్టండి. సర్వర్లు చేసే హెచ్‌పీఈ కంపెనీ క్యాడీలు కొన్నిటి మీద "డూ నాట్ రిమూవ్" లైటే ఉంటుంది, అది వెలుగుతుంటే ఆ డిస్క్ జోలికి పోకూడదు. తీసేటప్పుడు కూడా ఒక అంగుళం బయటికి లాగి ఓ అర నిమిషం ఆగండి, లోపల పళ్లెం నిమిషానికి 7200 చుట్లు తిరుగుతూ ఉంటుంది, అది ఆగకముందే చేతిలోకి తీసుకుని వంచితే బొంగరం చెయ్యి మెలిపెట్టినట్టు తెలుస్తది. ఇంకా ముఖ్యం, అన్ని సర్వర్లూ హాట్‌స్వాప్ కావు, చిన్న టవర్ సర్వర్లలో కేబుల్ పెట్టి బిగించిన డిస్కులుంటే, బోర్డు మీద నేరుగా గుచ్చే ఎం.2 డిస్క్ ఉంటే, షట్‌డౌన్ చేసి పవర్ కేబుల్ పీకి అప్పుడు తియ్యాలి.

సైజు సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం: నాలుగు 4 టీబీలున్న చోట ఒకటి తీసి 8 టీబీ పెడితే అందులో 4 వాడుకుంటది, మిగతా 4కి మీరు డబ్బులు కట్టారు అంతే. మామూలు రెయిడ్‌లో అన్నీ మార్చి, ఆ తర్వాత మనమే ఎక్స్‌పాండ్ చేస్తేనే పెరిగేది.

ఇక బ్యాకప్ దండగ అన్న మాట. ఫైల్ డిలీట్ చేస్తే రెయిడ్ అన్ని డిస్కుల్లోనూ శ్రద్ధగా డిలీట్ చేస్తది, ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వచ్చినా అంతే శ్రద్ధ. అది పక్కన పెట్టినా, 16 టీబీ డిస్క్ సెకనుకి 200 ఎంబీ చొప్పున ఆగకుండా రాసినా రీబిల్డ్‌కి 22 గంటలు, ఆ 22 గంటలూ మిగతా పాత డిస్కులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. అన్నీ ఒకేసారి ఎందుకు పోతాయండీ అంటారా? 2019 నవంబర్‌లో హెచ్‌పీఈనే ప్రకటించింది, కొన్ని సాస్ ఎస్ఎస్‌డీల్లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయకపోతే సరిగ్గా 32,768 గంటలు నడిచాక, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలకి, డిస్క్ పోతుంది, డేటా కూడా తిరిగి రాదు అని. ఒకే రోజు సర్వర్‌లో ఎక్కించిన ఎనిమిది ఎస్ఎస్‌డీలు ఒకే గంటలో పోతాయి, అప్పుడు రెయిడ్ 6 ఉంటే ఏంటి, రెయిడ్ 10 ఉంటే ఏంటి.

ఆ ఫొటో సంగతి. అందులో ఎనిమిది బేలుంటే రెండింట్లోనే డిస్కులున్నాయి, మిగతా ఆరూ నోరు తెరుచుకుని ఉన్నాయి, ఖాళీ బేలకి మూతల్లా ఉండే ప్లాస్టిక్ బ్లాంకులు తీసి ఎక్కడో పడేశారు. ఫ్యాన్లు లాగే గాలి ఆ బొక్కల్లోంచి సులువుగా పోతుంది, డిస్కుల పక్కనున్న ఇరుకు సందుల్లోకి రాదు, అవి వేడెక్కుతాయి. మా బావమరిదికి రిప్లై పెట్టా, డిస్క్ కొనడం తర్వాత, ముందు మీ సర్వర్ బ్లాంకులు ఏ సొరుగులో ఉన్నాయో వెతుకు అని.