పసిఫిక్ తీరపు కమిషనర్ కుర్చీ గారికి

మహారాజశ్రీ పాక్-12 కమిషనర్ కుర్చీ గారి సముఖమునకు,

శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన కాపురముంటున్న ఒక తెలుగువాడు రాయునది. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టాలని ఉంది గానీ, మీ కుశలం లోకానికంతా తెలిసిందే.

అమెరికా పడమటి తీరపు విశ్వవిద్యాలయాల ఆటల కూటమి (కాన్ఫరెన్స్) మీది, 1915లో మొదలైన వంశం. మీలో కూర్చోవడానికి మనిషి కావలసివచ్చినప్పుడల్లా విశ్వవిద్యాలయాల పెద్దలు వెతికే తీరు చూస్తే, మా పెళ్లిళ్ల పేరయ్యలే నయమనిపిస్తుంది. వాళ్లు కనీసం అబ్బాయిది ఏ ఊరని అడుగుతారు. ఇక్కడ కాలేజీ ఆటల మొహం చూడకపోవడమే అర్హత. దానికి 'కొత్త చూపు' అని ముద్దుపేరు.

2009లో మహిళల టెన్నిస్ సంస్థ నుంచి లారీ స్కాట్‌ను తెచ్చారు. మొదట్లో మీ దశ తిరిగింది కూడా. 2011లో ఇఎస్‌పిఎన్, ఫాక్స్ టీవీ సంస్థలతో పన్నెండేళ్లకు దాదాపు 300 కోట్ల డాలర్ల ఒప్పందం! ఆ ఊపులో మరుసటి ఏడాది సొంత టీవీ ఛానెల్ పెట్టారు. ఇంటింటికీ ఛానెళ్లు అందించే డైరెక్‌టీవీతో బేరం మాత్రం ఎన్నటికీ కుదరలేదు. సరుకు సొంతం, దుకాణం సొంతం, కొనేవాడు లోపలికి రావడానికే తలుపు లేదు. ఎన్ని శనివారాలు రిమోట్ అరిగేలా నొక్కి, మీ ఆట దొరక్క, ఎవరో కేకు కాలుస్తుంటే చూస్తూ నిద్రపోయానో!

2021లో ఎమ్‌జిఎమ్ రిసార్ట్స్ నుంచి జార్జ్ క్లియావ్‌కాఫ్ వచ్చారు. జూదశాలల సంస్థ మనిషి గదా, పేకముక్కలు బాగా చదువుతారనుకున్నారు కాబోలు. ఏడాది తిరక్కుండానే, 2022 జూన్ 30న మీ కూటమిలోని లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయాలు యుఎస్‌సి, యుసిఎల్‌ఏ ఎక్కువ టీవీ డబ్బు కోసం బిగ్ టెన్ అనే ఇంకో కూటమికి వెళ్లిపోతామన్నాయి. (బిగ్ టెన్‌లో ఇప్పుడున్నవి పద్దెనిమిది. ప్రతిదానిలోనూ గణితశాఖ ఉంది.) 2023 ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు మూట కట్టుకున్నాయి. పసిఫిక్ గాలి పీల్చే స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కూడా నెల తిరక్కుండా అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరతామన్నాయి.

ఇదంతా పెద్దల బేరమనుకుని ఊరుకునేవాణ్ణే. మా వీధిలో ఒక తెలుగమ్మాయి ఇలా కూటమి మారిన కాలేజీ జట్టులో వాలీబాల్ ఆడుతుంది. మొన్నొక ఆదివారం అర్ధరాత్రి తూర్పు తీరం నుంచి విమానం దిగింది. వాళ్లమ్మతో పాటు నేనూ వెళ్లాను. మోకాలికి ఐస్ సంచి కట్టుకుని, కారు వెనక సీటులో పెరుగన్నం డబ్బా ఒడిలో పెట్టుకుని, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో కెమిస్ట్రీ పుస్తకం తిప్పుతోంది. పొద్దున ఎనిమిదింటికి పరీక్ష. "అంకుల్, టీవీ వాళ్లు డబ్బిచ్చింది ఫుట్‌బాల్‌కు కదా, మమ్మల్నెందుకు తిప్పుతున్నారు?" అంది. కమిషనర్ కుర్చీలు దీనికేం చెబుతాయో నాకు తెలియక, కిటికీ అద్దం కాస్త దించాను.

మీకొక సంగతి గుర్తు చేస్తాను. ఇంటివాసాలు లెక్కపెడదామన్నా ఓరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ అని రెండే మిగలబోతున్నాయని తేలాక, 2024లో, పెద్దలకు ఒక మనిషి కనిపించారు. ఎక్కడో కాదు, 2018 నుంచి మీ ఆఫీసులోనే పనిచేస్తున్న టెరీసా గూల్డ్. అంతకుముందు బర్క్‌లీ, డేవిస్ క్యాంపస్‌ల క్రీడాశాఖల్లో చేసిన మనిషి. అయిదు పెద్ద కాన్ఫరెన్స్‌లలో ఈ పదవికి వచ్చిన మొదటి మహిళ. వంట తెలిసినామె ఇంట్లోనే ఉండగా ఊరంతా తిరిగి హోటళ్ల యజమానులను పిలిచి, పొయ్యి ఆరాక గరిటె ఆమె చేతికిచ్చారన్నమాట. ఆమె బోయిసీ స్టేట్‌నూ శాన్‌డియేగో స్టేట్‌నూ ఇంకా కొందరినీ కూడగట్టి 2026కు మళ్లీ పొయ్యి రాజేసే పని పెట్టుకున్నారు.

ఆమె లేచిన రోజున మళ్లీ వెతుకులాట మొదలవుతుంది, నాకు తెలుసు. ఈసారి ఏ ఓడల కంపెనీ నుంచి తెస్తారో!

ఇట్లు,
రిమోట్ అరిగిన అభిమాని

తా.క.: ఆ అమ్మాయికి కెమిస్ట్రీలో బి వచ్చింది. వచ్చే గురువారం మళ్లీ ప్రయాణం. పెరుగన్నం డబ్బా మా ఇంట్లోనే ఉండిపోయింది, ఇచ్చి రావాలి.