కాపిటల్‌ను కూలి లెక్క దగ్గర తెరవండి

నల్లగొండలో రాజకీయాల మీద మక్కువ ఉన్న చాలా ఇళ్లలో కార్ల్ మార్క్స్ 'కాపిటల్' మొదటి సంపుటం ఉంటుంది. మొదటి ముప్పై పేజీలు నలిగి ఉంటాయి, మిగతావి కొత్తగా మెరుస్తుంటాయి. నా ప్రతి కూడా ఏళ్ల తరబడి అంతే. సరుకు, మారకపు విలువ, విలువ రూపం... అక్కడ చతికిలబడి, మన బుర్రకు ఎక్కదులే అని మూసేస్తాం.

1867 సెప్టెంబరులో పుస్తకం వచ్చింది. నవంబరు నెలాఖరుకే మార్క్స్ తన మిత్రుడు కుగెల్మాన్‌కు ఉత్తరం రాస్తూ, మీ ఆవిడను ముందు పనిదినం, సహకారం, శ్రమ విభజన, యంత్రాలు, ఆదిమ సంచయనం (పెట్టుబడి మొదట ఎలా పోగుపడింది) భాగాలు చదవమనండి అన్నాడు. మొదటి పేజీ నుంచే చదవాలన్న పట్టుదల రాసినాయనకే లేదు, మనకెందుకు?

మావైపు వాళ్లకు నేనైతే పీస్ రేటు, అంటే గంటల లెక్కన కాక చేసిన సరుకు లెక్కన ఇచ్చే కూలి, మీద ఉన్న చిన్న అధ్యాయం చూపిస్తాను. పుట్టపాక దగ్గర ఒక నేత ఇంట్లో ఓ సాయంత్రం దాన్ని బిగ్గరగా చదివాం. ఈ పద్ధతిలో పైన నిలబడి అజమాయిషీ చేసే పని తగ్గుతుంది, కోతలకు వీలు పెరుగుతుంది, ఇంకో గంట పనిచేయాలన్న ఆత్రం కార్మికుడిదే అవుతుంది. మగ్గం గుంటలోంచి పెద్దాయన నవ్వాడు. డాగు పడిందని మాస్టర్ వీవర్ (నూలిచ్చి కూలికి నేయించుకునే ఆసామి) పోయిన చీరకు ఎంత కోసిందీ చెప్పాడు. ఆ వెంటనే, "మరి ఆసు పోసిన మా ఇంటామె కూలి ఎందుల రాసిండు సారూ?"

ఆసు అంటే నూలును మేకుల చుట్టూ తిప్పి పోయడం. అది పోయనిదే చిటికీ, అంటే రంగుల డిజైను కోసం నూలుకు వేసే కట్లు, కట్టలేరు. చీర కూలిలో ఆ చేతుల లెక్క విడిగా ఉండదు. చింతకింది మల్లేశం 1999లో తయారుచేసిన ఆసు యంత్రం ఆ ఇంటికి ఇంకా రాలేదు. యంత్రాల అధ్యాయం తిరగేస్తే, ఇంటిల్లిపాదినీ కూలికి లాగి, మగవాడి శ్రమశక్తి విలువను అందరి మీదా పరిచేస్తారని, అంటే ఒకడి కూలితో గడిచే ఇంటికి ఇప్పుడు అందరూ పనిచేయాల్సి వస్తుందని, ఉంది. దగ్గరికొచ్చింది గానీ పెద్దాయన అడిగింది అది కాదు, ఇంట్లోనే చేసే, విడిగా లెక్కకు రాని పని గురించి. పుస్తకంతో మా తగువు అక్కడ మొదలైంది. తేలిక చేసి రాసిన పుస్తకాలు దారి చూపిస్తాయి, రంగనాయకమ్మ రాసిన 'కాపిటల్' పరిచయం నాకూ చూపించింది. కానీ ఈ తగువు అసలు పుస్తకంతోనే పెట్టుకోవాలి.

తెలంగాణ సాయుధ పోరాటంలో దిగినోళ్లు ఇవన్నీ చదివారా అని ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నిజమే, వెట్టిని అర్థం చేసుకోవడానికి పుస్తకం అక్కర్లేదు. దొర పొలంలో చేసిన పని దొరదని, తన చెలకలో చేసింది తనదని ఎవరికైనా కనబడుతుంది. కూలి దగ్గర ఆ గీత చెరిగిపోతుంది, చేసిన పనికంతా డబ్బు ముట్టినట్టే ఉంటుంది. ఈ తేడా మార్క్స్ కూలి అధ్యాయంలోనే చెప్పాడు. కంటికి కనబడని ఆ గీత కోసమే సిద్ధాంతం కావాలి.

ఈసారి పనిదినం చదువుదాం అనుకున్నాం. ఆసు దగ్గరే కూర్చోండి, వింటాను గానీ పని ఆపను, అంది పెద్దాయన ఇంటామె.